మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే ఎందుకు?

పోయిన నెల ఈ పేజీలో, జన్యువు అంటే ప్రొటీన్ ఎలా తయారు చెయ్యాలో రాసి ఉన్న చీటీ లాంటిదని రాశాను. అది సగమే నిజం, జన్యువు నుంచి కణం తీసుకునే నకళ్లైన ఆర్‌ఎన్‌ఏల్లో ప్రొటీన్ జోలికే పోనివి కూడా ఉన్నాయి కదా, వాటి సంగతేంటని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకని ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆ సంగతికి దగ్గరగా ఉన్నవే తీసుకున్నాను. కొన్నింటికి జవాబు పొడుగైంది, కొన్నింటికి నాలుగు ముక్కల్లో సరిపోయింది.

ప్రశ్న: మా పెరట్లో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకదానికి తెలుపు, నలుపు, నారింజ మూడు రంగులూ ఉన్నాయి. మా అబ్బాయి దూరం నుంచే చూసి ‘అది ఆడదే అమ్మా’ అన్నాడు. దగ్గరికి వెళ్లి చూడకుండా ఎలా చెప్పగలిగాడు? – ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అబ్బాయి సరిగ్గానే చెప్పాడు. వేలల్లో ఒకటి తప్ప మూడు రంగుల పిల్లులన్నీ ఆడవే.

పిల్లికి నారింజ రంగు రావాలా నలుపు రావాలా అనేది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న ఒక జన్యువు తేలుస్తుంది. అది ఎక్స్ మీద ఉందని వందేళ్లుగా తెలుసు గానీ, అసలు ఏ జన్యువో మాత్రం 2025లో గానీ బయటపడలేదు. జపాన్‌లో క్యుషు విశ్వవిద్యాలయం వాళ్లు, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఎవరికి వాళ్లు వెతుక్కుంటూ పోయి ఒకే చోట తేలారు. ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువు దగ్గర ఐదు వేల పైచిలుకు డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోతే పిల్లికి నారింజ రంగు వస్తుందట.

మగ పిల్లికి ఉన్నది ఒక్క ఎక్స్, ఒక వై. ఆ ఒక్క ఎక్స్‌లో ఏది ఉంటే అదే రంగు, రెండో మాట లేదు. ఆడ పిల్లికి రెండు ఎక్స్‌లు, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒకదాంట్లో నారింజ, ఇంకోదాంట్లో నలుపు ఉందనుకోండి. రెండూ కలిసిపోయి ఏదో మధ్య రంగు రావాలి కదా అనిపిస్తుంది, కానీ రాదు. ఎందుకంటే ఆడ పిల్లి ఒంట్లో ప్రతి కణమూ తనకున్న రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేసి, రెండోదాంతోనే పని నడుపుకుంటుంది. మీరు చూసిన నారింజ మచ్చలో నల్ల ఎక్స్ మూతపడి ఉంది, నల్ల మచ్చలో నారింజ ఎక్స్ మూతపడి ఉంది. తెల్ల మచ్చల సంగతి వేరు, అది ఇంకో క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువు పని, రంగు కణాలు అక్కడిదాకా చేరలేదన్నమాట.

మరి ఉన్నదాన్ని మూసెయ్యడం ఎందుకు? మనుషుల లెక్కే చూద్దాం. మన ఎక్స్ క్రోమోజోమ్‌లో దాదాపు 15.5 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, ప్రొటీన్ చేసే జన్యువులు 800 పైనే ఉన్నాయి. రక్తం గడ్డకట్టడం, కండరాలు, రంగుల్ని గుర్తుపట్టడం, రోగనిరోధక శక్తి, మెదడు ఎదుగుదల, ఇలా ఆడకీ మగకీ సమానంగా కావాల్సినవే చాలా ఉంటాయి అందులో. వై చాలా చిన్నది, దాని జన్యువుల్లో ఎక్కువ భాగం వృషణాల పనికే పరిమితం. అంటే ఆడవాళ్ల రెండు ఎక్స్‌లూ పూర్తిగా పనిచేస్తే ఆ వందల ప్రొటీన్లూ మగవాళ్లకంటే రెట్టింపు తయారవుతాయి. ఇంట్లో ఒకరు పప్పులో ఉప్పు వేసి, ఆ సంగతి తెలియక ఇంకొకరు మళ్లీ వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎలుకల్లో ఈ మూసే పనిని ఆపి చూశారు, అలాంటి ఆడ పిండాలు పుట్టేదాకా బతకలేదు.

ఈ కథ మొదలైంది కూడా పిల్లులతోనే. 1949లో కెనడాలో ముర్రే బార్, ఆయన విద్యార్థి బెర్‌ట్రామ్ పిల్లుల నరాల కణాల్ని మైక్రోస్కోప్‌లో చూస్తుంటే కొన్ని పిల్లుల కణాల్లో మాత్రం కేంద్రకం లోపల ఒక నల్లటి చుక్క కనిపించింది, కొన్నింటిలో లేదు. రికార్డులు తీసి చూస్తే చుక్క ఉన్నవన్నీ ఆడవి. పదేళ్ల తర్వాత సుసుము ఓనో, ఆ చుక్క ముడుచుకుపోయిన ఒక ఎక్స్ క్రోమోజోమేనని చూపించాడు. 1961లో ఇంగ్లాండ్‌లో మేరీ లయన్ ఎలుకల బొచ్చు మీద మచ్చలు చూసి అసలు మాట చెప్పింది: పిండం చాలా చిన్నగా ఉన్నప్పుడే ప్రతి కణమూ ఏదో ఒక ఎక్స్‌ని మూసేస్తుంది, ఏది మూయాలో ముందే నిర్ణయమై ఉండదు, కానీ ఒకసారి మూశాక ఆ కణానికి పుట్టే కణాలన్నీ అదే ఎక్స్‌ని మూసి ఉంచుతాయి. మీ పిల్లి ఒంటి మీద ఒక్కో మచ్చా అప్పట్లో ఒక కణం తీసుకున్న నిర్ణయం తాలూకు సంతానం.

డిగ్రీ పిల్లలకి ప్రాక్టికల్స్ చేయించిన రోజుల్లో నాకు చాలా ఇష్టమైన క్లాసు ఇదే. నోరు పుక్కిలించి, చెక్క పుల్లతో బుగ్గ లోపల మెల్లగా గీకి, ఆ తడిని గాజు స్లైడు మీద పూసి, రంగు వేసి చూడాలి. మొదట ఏమీ కనిపించదు, గజిబిజిగా పల్చటి పొరలు ఉంటాయంతే. ఓపిగ్గా జరుపుతూ పోతే ఒక కణం దొరుకుతుంది, గుండ్రటి కేంద్రకం, దాని అంచుకి ఆనుకుని ఆవగింజలో ముక్కంత ముదురు చుక్క. అన్ని కణాల్లోనూ దొరకదు, అందుకే దొరికినప్పుడు కేకలు పెట్టేవాళ్లు. ఒకమ్మాయి తన స్లైడులోంచి తలెత్తి ‘మేడం, ఈ మూసేసింది మా అమ్మదా, మా నాన్నదా?’ అని అడిగింది. కంటితో చూసి చెప్పలేం, ఈ కణంలో మీ అమ్మది అయితే పక్కదాంట్లో మీ నాన్నది కావచ్చు అన్నాను. ఆ పిల్ల చాలాసేపు స్లైడు వదల్లేదు.

ఇక మూసేది ఎవరు అన్న ప్రశ్నకి 1991 దాకా జవాబు లేదు. ఆ ఏడాది అమెరికాలో కారలిన్ బ్రౌన్, హంటింగ్టన్ విల్లార్డ్ బృందం ఒక వింత జన్యువుని పట్టుకుంది. మిగతా జన్యువులన్నీ తెరిచి ఉన్న ఎక్స్ మీద పనిచేస్తుంటే ఇదొక్కటి మూసేసిన ఎక్స్ మీదే పనిచేస్తోంది. దాని పేరు ఎగ్జిస్ట్. దాన్నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ మనుషుల్లో దాదాపు 19 వేల అక్షరాల పొడవు ఉంటుంది, అంత పొడుగున్నా దాంట్లో ప్రొటీన్‌కి పనికొచ్చే సమాచారమేమీ లేదు, కేంద్రకం దాటి బయటికే రాదు. పుట్టిన క్రోమోజోమ్‌నే పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని దాన్ని నిద్రపుచ్చుతుంది. నేను పోయిన నెల రాసిన చీటీ పోలిక సరిపోనిది ఇక్కడే, ఈ ఆర్‌ఎన్‌ఏ ఏ వంటకీ చీటీ కాదు, పని చేసేది అదే.

ఇంకొక్క మాట, చెప్పకుండా ఉండలేను. 2001 డిసెంబర్‌లో అమెరికాలో టెక్సాస్‌లో రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి కణం తీసుకుని మొదటిసారి పిల్లిని క్లోనింగ్ చేశారు. పుట్టిన పిల్లకి నారింజ రంగు ఒక్క వెంట్రుక కూడా లేదు. తీసుకున్న కణంలో నారింజ ఎక్స్ అప్పటికే మూసి ఉంది, అది మళ్లీ తెరుచుకోలేదు. డీఎన్‌ఏ మొత్తం ఒకటే, రంగు మాత్రం వేరు.

వేలల్లో ఒకటి అన్న ఆ మగ పిల్లి సంగతి: దానికి పొరపాటున రెండు ఎక్స్‌లు, ఒక వై ఉంటాయి. అలాంటివి సాధారణంగా పిల్లల్ని కనవు.

ప్రశ్న: ఎగ్జిస్ట్ ఆర్‌ఎన్‌ఏ తను పుట్టిన ఎక్స్‌నే ఎందుకు కప్పుతుంది, పక్కనే ఉన్న రెండో ఎక్స్ మీదికి ఎందుకు పోదు? మా పుస్తకంలో ‘ఎక్స్ ఇనాక్టివేషన్ జరుగును’ అని ఒక్క లైను రాసి వదిలేశారు. – బీఎస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఒక్క లైనులో చెప్పేది కాదు, మీ చిరాకు నాకు అర్థమైంది.

మామూలుగా ప్రొటీన్ అయితే కేంద్రకం బయట తయారై మళ్లీ లోపలికి రావాలి, వచ్చాక దానికి ఏ ఎక్స్ అయినా ఒకటే, తేడా తెలియదు. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. పుట్టిన చోటే ఉంది కాబట్టి, వదిలేసి తిరక్కముందే పక్కనున్న డీఎన్‌ఏని పట్టుకునే వీలుంది. కేంద్రకంలో క్రోమోజోమ్ సాగదీసిన దారంలా ఉండదు, మడతలు పడి ఉంటుంది, ఆ మడతల్లో ఎగ్జిస్ట్ జన్యువుకి దగ్గరగా వచ్చిన భాగాల్ని ముందు పట్టుకుని, అక్కణ్నుంచి పాకుతుంది. లెక్కపెట్టి చూస్తే ఒక కణంలో ఉండేవి వంద, ఆ చుట్టుపక్కల ప్రతులే. అన్ని కోట్ల అక్షరాల క్రోమోజోమ్‌కి వంద ఆర్‌ఎన్‌ఏలు ఎలా సరిపోతాయి? ఒక్కోటి చుట్టూ బోలెడు ప్రొటీన్లని పోగేసుకుంటుంది కాబట్టి. వాటిలో ముఖ్యమైనది స్పెన్, 2015లో ఒకేసారి చాలా ల్యాబులు దీని దగ్గరికి చేరాయి. స్పెన్ వచ్చి ఇంకో ఎంజైమ్‌ని పనిలో పెడుతుంది, అది హిస్టోన్ల మీద, అంటే డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద, ‘ఈ జన్యువు తెరిచి ఉంది’ అని చెప్పే ఎసిటైల్ గుర్తుల్ని గీకేస్తుంది. తర్వాత పాలీకోంబ్ అనే ప్రొటీన్ల జట్టు మూత గుర్తులు వేస్తుంది, ఆఖర్న డీఎన్‌ఏ మీదే మిథైల్ గుర్తులు పడతాయి. అంతా అయ్యాక ఎగ్జిస్ట్‌ని తీసేసినా ఆ ఎక్స్ చాలావరకు మూతపడే ఉంటుంది.

తెరిచి ఉండాల్సిన రెండో ఎక్స్ మీద కూడా ఎగ్జిస్ట్ జన్యువు ఉంటుంది కదా, అది ఎందుకు ఊరుకుంటుంది అంటే, ఎలుకల్లో దానికి కాపలా ఇంకో ఆర్‌ఎన్‌ఏ. పేరు ట్సిక్స్. ఎగ్జిస్ట్ ఇంగ్లిష్ స్పెల్లింగుని వెనక నుంచి చదివితే వచ్చే పేరే అది, ఎందుకంటే అదే డీఎన్‌ఏ ముక్క మీద ఎదురు దిశలో చదవబడుతుంది. 1999లో జీనీ లీ బృందం పెట్టిన పేరు. మనుషుల్లో మాత్రం ట్సిక్స్ ఈ పని చేస్తున్నట్టు లేదు, అది గుర్తుంచుకోండి, ఎలుక సంగతులన్నీ మనిషికి అంటగట్టెయ్యకూడదు.

ఎగ్జిస్ట్ ఎక్స్‌నే గుర్తుపడుతుందా, లేక పుట్టిన చోటుని బట్టి పనిచేస్తుందా అన్నది తేల్చిన ప్రయోగం ఒకటి ఉంది. 2013లో మసాచుసెట్స్‌లో జీన్ లారెన్స్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తి కణాలు తీసుకుని, వాటిలో ఉన్న మూడు 21వ క్రోమోజోముల్లో ఒకదాంట్లో ఎగ్జిస్ట్ జన్యువుని పెట్టింది. ఎక్స్‌తో ఏ సంబంధమూ లేని ఆ క్రోమోజోమ్ మూతపడింది. ఇది డిష్‌లో పెరిగే కణాల్లో జరిగింది, చికిత్స కాదు. కానీ మీ ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

పరీక్షలో మాత్రం లయన్ పేరు, బార్ బాడీ (బార్ చూసిన ఆ నల్లటి చుక్క), ఎగ్జిస్ట్, ఈ మూడూ తప్పకుండా రాయండి. మనుషుల్లో మూసేసిన ఎక్స్ మీద కూడా దాదాపు 15 శాతం జన్యువులు మూతపడకుండా తప్పించుకుంటాయని రాస్తే దిద్దేవాళ్లు ఆగి చూస్తారు.

ప్రశ్న: మా బాబుకి హిమోఫీలియా. నేను క్యారియర్‌నని టెస్టులో వచ్చింది. నాకు నెలసరిలో చాలా ఎక్కువగా పోతుంది, పన్ను పీకించుకుంటే రెండు రోజులు రక్తం ఆగలేదు. మా డాక్టర్ గారు ‘క్యారియర్లకి ఏమీ కాదమ్మా, టెన్షన్ పడకు’ అన్నారు. నిజంగా ఏమీ కాదా? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీకు జరుగుతున్నది మీ భ్రమ కాదు. దయచేసి ఇది పూర్తిగా చదవండి.

హిమోఫీలియా అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు, క్యారియర్ అంటే ఆ లోపాన్ని ఒక ఎక్స్ మీద మోస్తున్న మనిషి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 అనే ప్రొటీన్ల జన్యువులు రెండూ ఎక్స్ మీదే ఉన్నాయి. మీ రెండు ఎక్స్‌లలో ఒకదాంట్లో లోపం ఉంది, ఒకటి మంచిది. ‘ఒకటి బాగుంటే చాలు’ అని పాత పుస్తకాల్లో ఉండేది. కానీ పైన పిల్లి సంగతి చదివారు కదా, ప్రతి కణమూ ఒకే ఎక్స్‌తో పనిచేస్తుంది. మీ లివర్‌లో ఈ ఫ్యాక్టర్ చేసే కణాల్లో సగం మంచి ఎక్స్‌ని, సగం లోపమున్నదాన్ని తెరిచి ఉంచితే మీకు మామూలులో సగం ఫ్యాక్టర్ ఉంటుంది, దాంతో చాలామందికి ఇబ్బంది ఉండదు. అయితే ఈ ఎంపిక నాణెం ఎగరేసినట్టు జరుగుతుంది కాబట్టి అందరికీ సరిగ్గా సగం సగం రాదు. మంచి ఎక్స్ ఎక్కువ కణాల్లో మూతపడిన ఆడవాళ్లకి ఫ్యాక్టర్ 40 శాతం కంటే తగ్గిపోవచ్చు, కొందరికి ఇంకా కిందికి పోతుంది. అప్పుడు వాళ్లు క్యారియర్ మాత్రమే కాదు, వాళ్లకీ హిమోఫీలియా ఉన్నట్టే. 2021లో అంతర్జాతీయ నిపుణులు పేర్లు మార్చి, ఫ్యాక్టర్ 40 శాతం లోపు ఉన్న ఆడవాళ్లని కూడా మగవాళ్లతో పాటే హిమోఫీలియా లెక్కలో పెట్టారు.

మీరు చెయ్యాల్సింది: జన్యు పరీక్ష ఒక్కటే చాలదు, మీ రక్తంలో ఫ్యాక్టర్ ఎంత శాతం ఉందో కొలిపించుకోండి. బాబుకి చూసే హిమోఫీలియా విభాగంలోనే అడగండి. మామూలు గడ్డకట్టే పరీక్ష నార్మల్ వచ్చిందని వదిలెయ్యకండి. పన్ను, ఆపరేషన్, కాన్పు, ఏది ఉన్నా ముందే వాళ్లకి చెప్పండి. గర్భంలో ఫ్యాక్టర్ 8 దానంతటదే పెరుగుతుంది, కాన్పయ్యాక పడిపోతుంది, అసలు జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాతి రోజుల్లో. మీకు అక్కచెల్లెళ్లు, కూతుళ్లు ఉంటే వాళ్లనీ ఒకసారి చూపించండి, ఒకే ఇంట్లో ఒకే లోపం ఉన్న ఇద్దరికి కూడా ఫ్యాక్టర్ వేరు వేరుగా ఉండొచ్చు.

ప్రశ్న: మా అక్కకి లూపస్. ఆసుపత్రిలో వరసలో కూర్చున్నవాళ్లంతా ఆడవాళ్లే. ఎందుకిలా? – నిజామాబాద్

జవాబు: లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు, అది ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, మీరు చూసింది నిజం. హార్మోన్ల పాత్ర ఉంది, అయితే అదొక్కటే కాదు. రెండు ఎక్స్‌లు, ఒక వైతో పుట్టిన మగవాళ్లకి మామూలు మగవాళ్లకంటే లూపస్ దాదాపు 14 రెట్లు ఎక్కువగా కనిపించింది, అంటే రెండో ఎక్స్‌లోనే ఏదో ఉంది. రోగనిరోధక కణాల్లో టీఎల్ఆర్7 అనే జన్యువు మూసేసిన ఎక్స్ మీది నుంచి కూడా కొన్నిసార్లు పనిచేస్తుందని తెలుసు. 2024లో స్టాన్‌ఫర్డ్‌లో హోవర్డ్ చాంగ్ బృందం ఇంకో దారి చూపించింది. ఎగ్జిస్ట్ చుట్టూ పోగయ్యే ప్రొటీన్ల గుంపు గురించి పైన చెప్పాను కదా, కణం చనిపోయినప్పుడు ఆ గుంపు బయటపడి, ఒళ్లు దాన్నే శత్రువు అనుకుని దాడి చేస్తుందేమోనని వాళ్ల ఆలోచన. జన్యువుల్ని మూసే శక్తి తీసేసిన ఎగ్జిస్ట్‌ని మగ ఎలుకల్లో పెట్టారు. లూపస్ వచ్చే స్వభావం ఉన్న జాతిలో, జబ్బుని రేపే మందు ఇచ్చినప్పుడు, ఆ మగ ఎలుకలకి ఆడవాటికి దగ్గరగా జబ్బు ముదిరింది. స్వభావం లేని జాతిలో అలా జరగలేదు. కాబట్టి ఇది ఒక కారణం, మొత్తం కారణం కాదు. మీ అక్క రోజూ వేసుకునే మందులకి దీనివల్ల ఈ రోజు మార్పేమీ లేదు, తగ్గినట్టు అనిపించినా సొంతంగా ఆపనివ్వకండి.

ప్రశ్న: అన్ని జంతువుల్లోనూ ఇలాగే ఒక ఎక్స్‌ని మూసేస్తారా? – ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: లేదమ్మా, ఒక్కో జాతి ఒక్కో దారి పట్టింది.

పండ్ల ఈగలు మనకి పూర్తిగా ఎదురు. వాటిలో ఆడది రెండు ఎక్స్‌లూ వాడుకుంటుంది, మగది తనకున్న ఒక్క ఎక్స్‌ని రెట్టింపు పని చేయిస్తుంది. దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించినవాళ్లలో మన దేశం శాస్త్రవేత్త ఉన్నారు, తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎ.ఎస్. ముఖర్జీ. 1965లో ఆయన, జర్మనీ శాస్త్రవేత్త బీర్మాన్‌తో కలిసి ఈగ పిల్లల లాలాజల గ్రంథుల్లోని లావుపాటి క్రోమోజోములకి రేడియోధార్మిక యూరిడిన్ (ఆర్‌ఎన్‌ఏ తయారీకి వాడే ముడిసరుకు) ఇచ్చారు. కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తయారైన చోటల్లా ఫిల్ము మీద వెండి గింజల్లాంటి చుక్కలు పడతాయి, కూర్చుని ఆ చుక్కలు లెక్కపెట్టడమే. మగ ఈగ ఒక్క ఎక్స్ మీద పడినవి, ఆడ ఈగ రెండు ఎక్స్‌ల మీద కలిపి పడినవాటికి దాదాపు సమానం. ఆ పని చేయించే జట్టులో రెండు ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయని 1997లో తెలిసింది, రాక్స్ 1, రాక్స్ 2. వీటి పొడవులు అసలు పోలవు, ఒకటి ఇంకోదానికంటే ఐదారు రెట్లు పెద్దది, అయినా ఒకటి లేకపోతే రెండోది పని కానిచ్చేస్తుంది. రెండూ తీసేస్తే మగ ఈగలు బతకవు. ప్రొటీన్ వీటిలోంచి కూడా రాదు.

కంగారూ జాతి జంతువుల్లో ఎప్పుడూ తండ్రి ఎక్సే మూతపడుతుంది. వాటికి ఎగ్జిస్ట్ లేనే లేదు, ఆర్ఎస్ఎక్స్ అనే ఇంకో ఆర్‌ఎన్‌ఏ ఆ పని చేస్తుందని 2012లో ఒపోసమ్ అనే జంతువులో కనుక్కున్నారు. పోలికే లేని రెండు జన్యువులు ఒకే పనికి వచ్చాయి. ఎగ్జిస్ట్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒకప్పుడు ప్రొటీన్ చేసిన పాత జన్యువు చెడిపోయి, అందులో మిగిలిన ముక్కలే దీనికి పునాది అయ్యాయి. కోళ్లలో ఆ పాత జన్యువు ఇప్పటికీ ప్రొటీన్ చేస్తూనే ఉంది. చెత్త అని పారేసిన దాంతో కొత్త పని, నాకు జీవశాస్త్రంలో ఇంతకంటే ఆనందం కలిగించే సంగతి ఇంకోటి లేదు.

కోళ్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. వాటికి ఎక్స్, వైల బదులు జెడ్, డబ్ల్యూ అనే క్రోమోజోములు ఉంటాయి, పుంజుకి రెండు జెడ్‌లు, పెట్టకి జెడ్, డబ్ల్యూ. ఏ జెడ్‌నీ మొత్తంగా మూసెయ్యరు. మోతాదు మరీ తేడా వస్తే ప్రమాదమైన కొన్ని జన్యువుల్ని మాత్రం పుంజుల్లో 22 అక్షరాల ఒక బుల్లి ఆర్‌ఎన్‌ఏ అదుపులో పెడుతుంది. దాన్ని తీసేసి చూసిన ఫలితాలు 2025లో వచ్చాయి, గుడ్డులో మగ పిండాలు చనిపోయాయి, ఆడ పిండాలకి ఏమీ కాలేదు.

ప్రశ్న: వై క్రోమోజోమ్‌లో ఎక్కువ భాగం పనికిరానిదే అంటారు, నిజమేనా? – హైదరాబాద్

జవాబు: మీ ఊళ్లోనే దీనికి జవాబు వెతికారు. సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో రేచల్ జేసుదాసన్ బృందం, మనిషి వై పొడుగు కొస దగ్గర జన్యువులే లేని బీడు భూమి అనుకున్న భాగం నుంచి ఒక ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందని 2007లో చూపించింది. ప్రొటీన్ చెయ్యని ఆ ఆర్‌ఎన్‌ఏ, ఒకటో క్రోమోజోమ్ నుంచి వచ్చిన ఇంకో ఆర్‌ఎన్‌ఏతో అతుక్కుంటోంది, అదీ వృషణాల్లో మాత్రమే. 2021లో వాళ్లే ఎలుకల్లో, వై నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏలు చిన్న చిన్న ముక్కలై వేరే క్రోమోజోముల జన్యువుల్ని అదుపు చేస్తున్నాయని రాశారు. వైలో ఆ భాగం కొంత పోయిన ఎలుకల వీర్యకణాల తలలు వంకరగా ఉంటాయి. కాబట్టి పనికిరానిది అనే మాట తొందరపడి అనకూడదు.

ప్రశ్న: మేము ముప్పై ఏళ్లుగా మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతున్నాం. మగ గూళ్లలో పట్టు ఎక్కువ వస్తుందని రీలర్లు అంటారు. మరి అన్నీ మగవే పుట్టేలా గుడ్లు ఇవ్వలేరా? అసలు పురుగుల్లో ఆడా మగా ఎలా తేలుతుంది? – ఒక రైతు, హిందూపురం దగ్గర పల్లె

జవాబు: అయ్యా, గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు చెప్పింది నిజమే. మగ పురుగు తిన్న ఆకుకి, గూడు బరువుకి పట్టు పాలు ఎక్కువ ఇస్తుంది, ఆడది గుడ్ల కోసం కొంత దాచుకోవాలి కదా.

పట్టుపురుగుల్లో కూడా కోళ్లలాగే మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి జెడ్, డబ్ల్యూ. డబ్ల్యూ ఒక్కటి ఉంటే చాలు ఆడదవుతుందని 1930ల నుంచీ తెలుసు. అందుకని డబ్ల్యూలో ఆడతనం ఇచ్చే ప్రొటీన్ జన్యువు ఏదో ఉంటుందని దశాబ్దాల పాటు వెతికారు, దొరకలేదు. 2014లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు అసలుదాన్ని పట్టుకున్నారు. అది ప్రొటీన్ కాదు. 29 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క, పేరు ఫెమ్. జెడ్ మీద మాస్క్యులినైజర్ అనే జన్యువు ఒకటి ఉంది, పురుగుని మగదిగా మార్చేది అదే. ఆడ గుడ్డులో ఫెమ్ వెళ్లి ఆ జన్యువు నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏని కత్తిరించేస్తుంది, మగతనం కబురు చేరదు, పురుగు ఆడదవుతుంది. మగ గుడ్డులో డబ్ల్యూ లేదు, ఫెమ్ లేదు, కత్తిరించేవాళ్లు లేరు. ఆ మాస్క్యులినైజరే మగవాటి రెండు జెడ్‌ల మోతాదుని కూడా తగ్గించి ఉంచుతుంది. దాన్ని అడ్డుకుంటే మగ పిండాలు గుడ్డులోనే పోతాయి. ఆడా మగా తేల్చేదీ, మోతాదు చూసేదీ ఒకటే.

అన్నీ మగవే పుట్టించడం కుదురుతుంది. సోవియట్ శాస్త్రవేత్త స్ట్రున్నికోవ్ 1975లోనే ఈ దారి గురించి రాశాడు. తండ్రి పురుగు రెండు జెడ్‌ల మీదా ప్రాణం తీసే లోపాలు ఒక్కోటి చొప్పున, వేరు వేరు చోట్ల పెడతారు. ఒకదాని లోపాన్ని ఇంకోటి కాస్తుంది కాబట్టి తండ్రికి ఏమీ కాదు. కూతురికి తండ్రి నుంచి వచ్చిన జెడ్ ఒక్కటే దిక్కు, అందులో లోపం ఉంది, కాసేవాళ్లు లేరు, గుడ్డులోనే చనిపోతుంది. కొడుక్కి తల్లి ఇచ్చిన మంచి జెడ్ ఉంటుంది, బతుకుతాడు. ఇబ్బంది ఏంటో మీకు చెప్పక్కర్లేదు, సగం గుడ్లు పగలవు. అదే పురుగుల లెక్క రావాలంటే గ్రైనేజీ (గుడ్లు తయారు చేసే కేంద్రం) వాళ్లు రెట్టింపు గుడ్లు పెట్టించాలి, ఆ తండ్రి జాతిని లోపాలు చెదరకుండా తరతరాలూ కాపాడుకోవాలి. ఆ ఖర్చు గుడ్ల ధర మీద పడుతుంది, మగ గూళ్లకి రీలర్లు విడిగా ఎక్కువ రేటు కట్టకపోతే మీకు మిగిలేది ఉండదు. నా అభిప్రాయం అడిగితే, మీ దగ్గరికి వచ్చి ఎవరైనా మగ గుడ్లు అని అమ్మితే ముందు ఆ రేటు సంగతి కాగితం మీద రాయించుకోండి.

ఇంకో దారి కూడా ఉంది, డబ్ల్యూకి వేరే క్రోమోజోమ్ ముక్క ఒకటి అతికించి ఆడ పురుగులకి మాత్రమే ఒంటి మీద గుర్తులు వచ్చేలా చేసిన జాతులు. అందులో చంపడం ఉండదు, చూసి వేరు చెయ్యడమే. గుడ్ల కోసం రెండు జాతుల్ని కలిపేవాళ్లకి అది పెద్ద సాయం, ఎందుకంటే మామూలుగా అయితే గూడు కోసి ప్యూపాని (గూట్లో ఉన్న పురుగుని) ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడాలి.

మీరూ చూడొచ్చు. ఈసారి చంద్రికల మీది నుంచి గూళ్లు దించినప్పుడు పనికిరాని నాలుగైదు పక్కన పెట్టి, బ్లేడుతో ఒక కొస కోసి ప్యూపాని అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టండి. తోక వైపు, పొట్ట మీద, కొసకి కాస్త ముందు కట్టు మీద సన్నటి గీతలు ఇంగ్లిష్ ఎక్స్ అక్షరంలా కనిపిస్తే అది ఆడది, దాని తర్వాతి కట్టు మీద ఒక్క చుక్క ఉంటే మగది. కదలకుండా పట్టుకుని వెలుతురు వైపు కొంచెం తిప్పితే చాలు, భూతద్దం అక్కర్లేదు.